పక్క మంచం చెల్లెలికి

మ్వాంబజి రేవు
జూన్

చెల్లీ లుసుంగూ,

ఇల్లు చేరాను. లిలోంగ్వేలో బస్సెక్కేముందు మన ఆసుపత్రి సిస్టర్ గోంద్వే ఒక ప్లాస్టిక్ కాగితం మడిచి చేతిలో పెట్టబోయింది, దారిలో అవసరం పడుతుందేమో ఉంచుకోమని. వద్దన్నాను. "నీ ధైర్యం నీది" అని నవ్వింది. కూర్చున్న చోటు నుంచి కదల్లేదు. మ్జూజులో బస్సు ఆగినప్పుడు దిగి, నడుముకి కట్టుకున్న చితెంజె గుడ్డని వెనక చెయ్యి పెట్టి తడుముకున్నాను. పొడిగా ఉంది. మళ్ళీ ఎక్కాక పక్కన కూర్చున్నావిడ తన బుట్ట సగం నా ఒళ్ళో పెట్టి నిద్రపోయింది. మూడేళ్ళయింది, ఒక పరాయి మనిషి నా పక్కన కూర్చుని కళ్ళు మూసుకుని. ముక్కు మూసుకోవడమే చూశాను గాని.

మా ఆయన జెఫ్తా రేవులోనే ఉన్నాడు, పడవకి తారు పూస్తూ. "వచ్చావా?" అన్నాడు. "వచ్చాను" అన్నాను. చేతులకి తారుందని ముట్టుకోలేదు. ఆ తరవాత వెళ్ళి ఇసకతో చాలాసేపు చేతులు తోముకున్నాడు.

చిన్నది తెంవా నీకు తెలుసుగా, నా పొట్ట కోసి తీసిన పిల్ల. నా మూత్రసంచికి చిల్లు పడిన రోజే అది పుట్టింది. పుట్టినప్పట్నుంచీ నాయనమ్మ పక్కలోనే పడుకుంది, నా పక్క ఎప్పుడూ తడే కనక. మొన్న అదే వచ్చి నా చాప మీద చెయ్యి పెట్టి చూసింది. చూసి, నా పక్కన పడుకుంది.

నీ గొట్టం ఎప్పుడు తీస్తారు? నేను వచ్చేరోజు అందరం నీ మంచం కింద సంచినే చూస్తూ కూర్చున్నాం, బొట్లు దాన్లో పడుతున్నాయా పక్క మీద పడుతున్నాయా అని. తీసిన వెంటనే రాయి. నీళ్ళు బాగా తాగు.

నీ అక్క,
ఎస్నాత్

*

కవూలా కొండ
ఆగస్టు

ఎస్నాత్ అక్కకి,

గొట్టం తీశారు. బాగైపోయింది. పంపించేరోజు నీకు చేసినట్టే నాకూ అందరూ పాడారు, కొత్త చితెంజె కట్టారు. పచ్చది, చేపల బొమ్మలది. నేనూ వాళ్ళతో పాటు ఆడాను.

ఇక్కడ కాఫీ కోతలు. మా ఆయన ఖుంబో పొద్దున్నే తోటకి పోతాడు. మా అత్తగారు బాగానే ఉంది. నేను ఇంటి దగ్గర చిక్కుళ్ళు ఒలుస్తుంటాను. తోటకి రావద్దంటాడు, బరువులు ఎత్తకూడదని డాక్టరమ్మ చెప్పింది కదా అని. వాగు దూరం, నీళ్ళు మోయడం కష్టం కనక కాస్త తక్కువే తాగుతున్నాను. మరేం లేదు.

తెంవాకి ముద్దులు.

లుసుంగు

*

మ్వాంబజి రేవు
అక్టోబరు

చెల్లీ,

నీ ఉత్తరం చేపల వర్తకుడి సైకిల్ మీద వచ్చింది. సంతోషంతో అత్తగారికి చదివి వినిపించాను. తరవాత ఇంకోసారి చదువుకున్నాను. ఆ తరవాత మరోసారి.

నేనైతే ఇంటికొచ్చిన నాటి నుంచి ఒకటే వాగుడు. గుడిలో ఏ బల్ల మీద కూర్చున్నానో, ఎవరి పెళ్ళిలో ఆడానో, బావి దగ్గర ఎవరు నాకు చోటిచ్చారో అన్నీ చెప్పుకుంటూనే ఉన్నాను. జెఫ్తా విసుక్కుని "ఎండబెట్టిన చేప కూడా తను పొడిగా ఉన్నానని ఇంతమందికి చెప్పుకోదు" అన్నాడు. నువ్వు మాత్రం 'బాగైపోయింది' అని ఒక్క మాట రాసి చిక్కుళ్ళ దగ్గరికి వెళ్ళిపోయావు.

గుడికి వెళ్ళావని రాయలేదు. ఎవరి పక్కన కూర్చున్నావని రాయలేదు. నీళ్ళు తక్కువ తాగుతున్నానని రాశావు. నీళ్ళు ఎప్పుడు తక్కువ తాగుతామో మనిద్దరికీ తెలుసు లుసుంగూ. తాగింది తాగినట్టు బయటికొస్తుంటే తాగబుద్ధి కాదు.

నేను పొరబడితే తిట్టు. పొరబడకపోతే నిజం రాయి.

ఎస్నాత్

*

కవూలా కొండ
నవంబరు

అక్కా,

తిట్టను.

చిల్లు పూడింది. అది నిజం. మూత్రసంచిలోకి నీలం నీళ్ళు ఎక్కించి, కారుతుందేమోనని గుడ్డ పెట్టి చూశారు. గుడ్డకి మచ్చ పడలేదు. సిస్టర్ గోంద్వే చప్పట్లు కొట్టింది. గొట్టం తీశాక మంచం మీద పడుకున్నంతసేపూ పొడిగానే ఉన్నాను. తరవాత లేచి నిలబడ్డాను. కాళ్ళ మీద నుంచి కారి నేల మీద పడింది.

డాక్టరమ్మ కూర్చోబెట్టి చెప్పింది. "చిల్లు మూశాను. కాని బిడ్డ తల చాలాసేపు నొక్కడం వల్ల మూత్రాన్ని పట్టి ఉంచే కండ కూడా చచ్చిపోయింది. గోడ కట్టాం, తలుపు లేదు. ఆరు నెలలాగి రా, ఇంకోసారి ప్రయత్నిద్దాం. బాగవచ్చు, కాకపోనూవచ్చు. మాటివ్వలేను."

ఆ పూటే నన్ను పంపించే పాట మొదలుపెట్టారు. వార్డులో మంచాల మీద కొత్తగా వచ్చినవాళ్ళు ఉన్నారు, తలలెత్తి నన్నే చూస్తున్నారు. వాళ్ళ ముందు ఏం చెప్పను? కింద మందంగా గుడ్డ పెట్టుకుని, పైన పచ్చ చితెంజె కట్టుకుని ఆడాను.

ఖుంబోకి తెలుసు. వాడు గుడ్డలు తీసుకుని వాగుకి పోయి ఉతుకుతాడు. అవతలి ఒడ్డున ఆడవాళ్ళు "ఏమయ్యా ఖుంబో, నీ పెళ్ళాం నువ్వేనా?" అంటారు. వాడు "అవును, సబ్బుంటే ఇవ్వండి" అంటాడు. వాళ్ళమ్మ వేరే పిల్లని చూసింది. నేనే చేసుకోమన్నాను. దానికి వాడు నాతో మాట్లాడ్డం మానేశాడు. అలిగినవాడు గుడ్డలు మాత్రం ఉతికాడు. అది నేను భరించలేకపోయాను అక్కా. వాడు కొట్టినా పోయేది. సంచి సర్దుకుని మా అమ్మ దగ్గరికి వచ్చేశాను. ఇప్పుడు అమ్మ గుడిసెలోనే ఉంటున్నాను. వాడు ఆదివారం వచ్చి వాకిట్లో కూర్చుని పోతాడు.

ఇదే నిజం. ఎవరికీ చదివి వినిపించకు.

లుసుంగు

*

మ్వాంబజి రేవు
జనవరి

చెల్లీ,

ఎవరికీ వినిపించలేదు.

నువ్వు నాకు అబద్ధం రాశావని కోపం లేదు. ఆ మంచాల మీద వాళ్ళ ముందు నేనైనా అలాగే ఆడేదాన్ని. కాని ఆరు నెలలయిపోయాయి. లిలోంగ్వే వెళ్ళు. 'కాకపోనూవచ్చు' అన్న మాట పట్టుకుని కూర్చున్నావు, 'బాగవచ్చు' అని కూడా ఆవిడే అంది. వానలకి కొండదారి జారుతుంటే ఖుంబోని తోడు తీసుకెళ్ళు. వాకిట్లో ఊరికే కూర్చునే మనిషి బస్సు దాకా నడవలేడా?

నీది నీ తప్పు కాదు, వాడిదీ కాదు. వాడు ఉతుకుతానంటే ఉతకనీ. మా ఆయన నా గుడ్డలు ఎప్పుడూ ముట్టుకోలేదు. ఇల్లు వదల్లేదు, నన్ను వదల్లేదు, అంతే. అందుకే నేను వాడికి దండం పెట్టుకునేదాన్ని. మరి నీ మొగుడికి నువ్వు ఏం పెడతావు?

ఇక్కడ బాగానే ఉన్నాం. నాకే కాస్త నలతగా ఉంది, జ్వరమేమో. ఉసిపా చేపలు ఎండబోస్తుంటే ఆ వాసనకి కడుపులో తిప్పుతోంది. పుట్టినప్పటి నుంచీ ఆ వాసనలోనే ఉన్నదాన్ని. అత్తగారు ఏదో వేరు నూరి ఇచ్చింది. తగ్గిపోతుంది.

వెళ్ళు. ఇంకేం రాయను.

ఎస్నాత్

*

లిలోంగ్వే
మార్చి

అక్కా,

వచ్చాను. ఖుంబోనే తీసుకొచ్చాడు. వార్డులో నీ మంచం మీద ఇప్పుడు దక్షిణాది అమ్మాయి ఉంది, రోజంతా ఏదో కూనిరాగం తీస్తుంది. నా ఆపరేషన్ వచ్చేవారం.

నువ్వు నా ఉత్తరంలో రాయనివి పట్టుకున్నావు కదా. నీ ఉత్తరం నేనూ అలాగే చదివాను. పుట్టినప్పటి నుంచీ పీల్చిన చేపల వాసన ఇప్పుడు కడుపులో తిప్పుతోందా? ఎన్నో నెల అక్కా?

సిస్టర్ గోంద్వేని అడిగాను, నీ పేరు చెప్పకుండా. ఆమె పేరు లేకుండానే కనిపెట్టేసింది. "ఎస్నాత్‌కి చెప్పు" అంది. "ఒకసారి పొట్ట కోసిన మచ్చ ఉంది, దాని కిందే నేనూ డాక్టరమ్మా కుట్టిన మూత్రసంచి ఉంది. ఇంటి దగ్గర నొప్పులు పడితే ఆ మచ్చ విడిపోవచ్చు, గర్భసంచే చీలిపోవచ్చు. లేకపోతే కుట్టినది మళ్ళీ తెగుతుంది. నొప్పులు మొదలవకముందే ఇక్కడికి వచ్చి పెద్దాపరేషన్ చేయించుకోవాలి. కాన్పు దాకా ఎదురుచూసే ఇల్లుంది, తిండికీ పడకకీ ఏమీ పుచ్చుకోరు. ఎనిమిదో నెలలోనే వచ్చెయ్యమను."

నువ్వు వెళ్ళేరోజు ఈ మాటే నీకు చెప్పామంది. నువ్వు తల ఊపావట.

రాయి.

లుసుంగు

*

మ్వాంబజి రేవు
ఏప్రిల్

లుసుంగూ,

ఐదో నెల. కడుపులో కదులుతోంది కూడా.

తల ఊపాను. అప్పుడు పొడిగా ఉన్నాను కనక ఏం చెప్పినా ఊపేదాన్ని. ఇప్పుడు చెప్తున్నాను విను. నా మీద ఇంకోసారి కత్తి పడనివ్వను.

పెద్ద పిల్లలిద్దరినీ ఈ చాప మీదే కన్నాను. పెద్దదాన్ని కనేటప్పుడు అత్తగారికి సంకటి కెలికేంత టైము కూడా దొరకలేదు. మూడోది అడ్డం తిరిగిందని పడవలో వేసుకుని ఇక్కడి ఆసుపత్రికి పట్టుకుపోయారు. కుర్ర డాక్టరు. ఆ రోజు నా ముందు ఇద్దరు, నా తరవాత ఇంకెందరో. పొట్ట కోస్తున్నప్పుడు అతని చెయ్యి ఒక్కసారిగా ఆగింది. నర్సు అతని ముఖంలోకి చూసింది. ఇద్దరూ ఏమీ అనుకోలేదు. నాకు నడుం కింద తెలియదు గాని కళ్ళున్నాయి కదా. నాలుగో రోజు పక్క తడిసింది. అడిగితే "కాన్పయ్యాక ఇలా ఉంటుందమ్మా, అదే పోతుంది" అన్నారు. ఇంటికెళ్ళాకా పోలేదు. మళ్ళీ వెళ్ళాను. అతను వేరే ఊరు బదిలీ అయిపోయాడు. చిల్లు వాళ్ళ కత్తి వల్లే పడిందని మొదట చెప్పింది మన డాక్టరమ్మ. అప్పటికి మూడేళ్ళు. ఆ మూడేళ్ళూ ఊళ్ళో అందరూ నాకేదో పాడురోగమనుకున్నారు. నేనూ అదే అనుకున్నాను.

చాప నాకేం చెయ్యలేదు, కత్తే చేసింది. మళ్ళీ చిల్లు పడితే బతకలేను. ఆరిపోయిన మనిషిని మళ్ళీ తడపడం ఎంత పాపమో నీకు తెలియదు, ఎందుకంటే (రాయకూడదేమో, అయినా రాస్తున్నాను) నువ్వింకా ఆరలేదు.

అత్తగారు తనే పురుడు పోస్తానంటోంది. జెఫ్తా ఏమీ అనడు. నువ్వూ ఇంక ఏమీ అనకు.

ఎస్నాత్

*

లిలోంగ్వే
మే

అక్కా,

నీ ఉత్తరం వచ్చేసరికి ఆపరేషన్ అయి గొట్టంతో పడుకుని ఉన్నాను. చదివి దిండు కింద పెట్టాను. చాలా రోజులు నీకు రాయకూడదనే అనుకున్నాను. నేను ఆరలేదన్నందుకు కాదు. నాకు తెలియదన్నందుకు.

వార్డులో అందరూ వాళ్ళ వాళ్ళ కాన్పు కథ చెప్పుకునేవాళ్ళు గుర్తుందా? నా వంతు వస్తే నేను దుప్పటి లాక్కునేదాన్ని. నువ్వు "వదిలెయ్యండి, పిల్ల అలిసిపోయింది" అనేదానివి. ఇప్పుడు చెప్తాను. నువ్వు చివరిదాకా చదువు.

అప్పటికి నాకు పద్దెనిమిదేళ్ళు. ఖుంబో పొగాకు ఎస్టేట్‌లో పనికి వెళ్ళాడు. నొప్పులు మొదలైతే అత్తగారూ వాళ్ళక్కా నన్ను లోపల కూర్చోబెట్టారు. మొదటి రోజు బాగానే చూశారు, జావ పట్టారు, నడుం రాశారు. మర్నాటికీ బిడ్డ దిగలేదు. అప్పుడు అత్తగారక్క గుమ్మంలో కూర్చుని అడగడం మొదలుపెట్టింది. "పేరు చెప్పు. నీ మొగుడు కాకుండా ఇంకెవడు? పేరు నోట్లో దాచుకుంటే బిడ్డ పొట్టలో దాక్కుంటుంది. చెప్తే జారిపోతుంది."

ఎవరూ లేరన్నాను. అబద్ధం అంది. జావ ఆపేశారు. ఏడ్చాను, దేవుడి మీద ఒట్టేశాను. "మొండిది, చచ్చేలా ఉంది గాని చెప్పదు" అన్నారు. అత్తగారికి జాలి వేసినట్టే ఉంది, కాని అక్కగారి మాట దాటలేదు. జిల్లా ఆసుపత్రి కొండ దిగితే అక్కడే ఉంది అక్కా. మంచానికి కట్టి నలుగురు మోస్తే మధ్యాహ్నానికి చేరతారు. పేరు చెప్పనిదే మోసేవాళ్ళని పిలిచేది లేదన్నారు.

మూడో రోజుకి నాకు ఎవరి గొంతు ఎవరిదో తెలియలేదు. అప్పుడు ఒక పేరు చెప్పాను. మా వాడలో అంతకు ముందు ఏడాది చెట్టు మీంచి పడి చచ్చిపోయినతని పేరు. బతికున్నవాడి పేరు చెప్తే వాణ్ణి కొడతారు కదా అని. ఆ నొప్పిలోనూ అంత ఆలోచించాను. అతనితో నేను ఒక్కసారైనా మాట్లాడి ఎరగను.

పేరు చెప్పినా బిడ్డ రాలేదు. అప్పుడు మోసేవాళ్ళని పిలిచారు. దారిలోనే పుట్టాడు. మగపిల్లాడు. ఒళ్ళు మెత్తబడిపోయి ఉంది, ఎప్పుడో పోయాడు. గుడ్డలో చుట్టి దారిపక్కనే పెట్టారు. నాకు చూపించలేదు. పక్కకి తిరిగి ఒక్క చెవి చూశాను, అంతే. వాడికి పేరు లేదు. తరవాత నేనూ పెట్టలేదు.

వారానికి పక్క తడిసింది. "చూశారా, రంకుకి దేవుడు వేసిన శిక్ష" అన్నారు. ఖుంబో వచ్చాడు. ఊరంతా వాడికి ఆ చచ్చినవాడి పేరు చెప్పారు. వాడు నా దగ్గర కూర్చుని ఒక్కసారే అడిగాడు. "నిజమా?" "కాదు" అన్నాను. "సరే" అన్నాడు. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

నీకు కత్తి చిల్లు పెట్టింది అక్కా. నాకు కత్తి లేక చిల్లు పడింది. నిన్ను పాడుచేసిన కత్తే నీ తెంవాని బతికించింది. అది వచ్చి నీ చాప తడిమి చూసి నీ పక్కన పడుకుంది. నా వాడు దారిపక్కన పడుకున్నాడు. నీకు అన్యాయం చేసినవాడు చేసి చెప్పకుండా పోయాడు, అది నిజం. అతని మీద కోపం పెట్టుకో, జన్మంతా పెట్టుకో. కాని ఆ కోపంతో ఆ చాప మీద పడుకోకు.

నీ పెద్దపిల్లలు ఆ చాప మీదే పుట్టారు. అప్పుడు నీ పొట్ట మీద మచ్చ లేదు.

ఆ ఎదురుచూసే ఇంట్లో నేను వంటకి చేరాను. కిటికీ పక్కన మంచం ఖాళీగా ఉంది. నీ సంచి వచ్చేదాకా దాని మీద నా చితెంజె వేసి ఉంచుతాను.

లుసుంగు

*

మ్వాంబజి రేవు
జూన్

లుసుంగూ,

నీ మాట అడక్కుండా ఒక పని చేశాను. నువ్వు వినిపించకన్నది పాత ఉత్తరం గురించి, కాని ఇదీ అలాంటిదే. జెఫ్తాకి చదివాను. అత్తగారు తలుపు దగ్గర కర్రపెండలం చెక్కు తీస్తూ విందని సగం అయ్యాక తెలిసింది. ఆపబోతే "చదువు" అంది.

అయిపోయాక చాలాసేపు చెక్కు తీస్తూనే ఉంది. తరవాత అడిగింది:

"చచ్చినవాడి పేరు చెప్పిందా?"

"అవును."

"బతికున్నవాడికి దెబ్బలు పడతాయని?"

"అవును."

"మూడు రోజుల నొప్పుల్లో." కత్తి కింద పెట్టింది. "నేను ఎందరికో పురుళ్ళు పోశాను. పేరు చెప్పమని నేనూ అడిగాను. ఇద్దరిని అడిగాను. ఇద్దరూ చెప్పారు. వాళ్ళు చెప్పింది నిజమేనని ఇన్నాళ్ళూ అనుకున్నాను."

అంతే, లేచి లోపలికి వెళ్ళింది. సాయంత్రం జెఫ్తా పడవ లాగుతుంటే వెళ్ళి "నీ పెళ్ళాన్ని ఎప్పుడు తీసుకెళ్తున్నావు?" అంది. వాడు "ఎక్కడికి?" అన్నాడు. "ఎక్కడికేంట్రా, లిలోంగ్వేకి. నువ్వు పోకపోతే నేను పోతాను. బస్సులో వాంతులొస్తాయి నాకు, అయినా పోతాను." నా సంచి తనే సర్దింది, తన సంచి కూడా.

నేనింకా భయపడుతూనే ఉన్నాను. పొట్ట మీద చెయ్యి వేసుకుంటే ఆ కుర్ర డాక్టరు ముఖమే కనబడుతుంది. వస్తాను గాని డాక్టరమ్మని ఒకటి అడుగు. ఏం కోసినా నాకు చెప్పి కోయాలి. తగలకూడనిది తగిలితే, నాలుగో రోజు పక్క తడిసేదాకా నన్ను ఊరికే ఉంచకూడదు. అప్పుడే చెప్పాలి. దానికి సరే అంటే వస్తాను.

ఆమె ఏమన్నా సరే, ఈ ఉత్తరం నీకు చేరేసరికి బస్సులో ఉంటాను. అత్తగారు ఆగేలా లేదు.

ఎస్నాత్

*

లిలోంగ్వే
ఆగస్టు

చెల్లీ,

నన్ను లోపలికి తీసుకెళ్ళేదాకా నా చెయ్యి పట్టుకున్నావు. బిడ్డ ఏడుపు విన్నావు. మర్నాడే కాఫీ కోతలకి ఆలస్యమవుతోందని ఖుంబో నిన్ను తీసుకెళ్ళాడు. లోపలేం జరిగిందో, తరవాతేం జరిగిందో నీకు తెలియదు. అందుకే రాస్తున్నాను.

ముందురోజే మన డాక్టరమ్మ మ్సిస్కా నా మంచం మీద కూర్చుని బొమ్మ గీసింది. "ఇది బిడ్డ, ఇది మూత్రసంచి, ఇక్కడ అతుక్కుని ఉంటుంది. నేను దీనికి పైనుంచి కోస్తాను. తగలకుండా చూస్తాను. తగిలితే అక్కడే కుడతాను, అక్కడే చెప్తాను" అంది. బల్ల మీద పడుకోబెట్టాక భయంతో నా పళ్ళు టకటక కొట్టుకున్నాయి. ఆమె గొంతు తెర అవతల నుంచి వినబడుతూనే ఉంది. "ఇప్పుడు చర్మం ఎస్నాత్. ఇప్పుడు పాత మచ్చ. ఇక్కడ గట్టిగా అతుక్కుంది, నెమ్మదిగా వెళ్తున్నాను." అక్కడ చాలాసేపు మాట లేదు. ఆ రోజు కుర్ర డాక్టరు చెయ్యి ఆగినట్టే ఈమె చెయ్యీ ఆగిందనుకున్నాను. "డాక్టరమ్మా" అన్నాను. "ఉన్నాను" అంది. "విడదీస్తున్నాను. తగల్లేదు." ఆ తరవాతే వాడి ఏడుపు. నువ్వు బయట విన్నది అదే.

గొట్టం నిన్నటిదాకా ఉంచారు. తీసినప్పుడు అత్తగారు మంచం కింద తలపెట్టి కూర్చుంది, బొట్టు పడితే పట్టేలాగ. లేచి నిలబడ్డాను. నడిచాను. తలుపు దాకా వెళ్ళి వచ్చాను. ముసలామె మోకాళ్ళ మీదే ఉండి నేల తడిమింది. "పొడిగా ఉంది" అంది, నాతో కాదు, వార్డు మొత్తానికీ.

మగపిల్లాడు. జెఫ్తాని పేరు పెట్టమన్నాను. పెడతాడు.

ఇప్పుడు నీ మాట. ఎదురుచూసే ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నేను అడిగినప్పుడల్లా నువ్వు కుండ మూత తీసి చూసేదానివి. రెండో ఆపరేషన్ ఏమైంది? దాచకు.

ఎస్నాత్

*

కవూలా కొండ
డిసెంబరు

అక్కా,

పూర్తిగా ఆరలేదు. అదీ సంగతి.

పడుకుంటే పొడి. కూర్చుంటే పొడి. బరువెత్తితే, దగ్గితే, కొండెక్కితే కారుతుంది. మునుపు చితెంజె మొత్తం తడిసేది, ఇప్పుడు లోపల మడత గుడ్డ తడుస్తుంది. మూడోసారి కోస్తే లాభం కన్నా నష్టమే ఎక్కువంది డాక్టరమ్మ. కండని బిగబట్టే కసరత్తు నేర్పింది, చేస్తున్నాను. నీలాగ బాగైనవాళ్ళే ఎక్కువట. నాలాగ మిగిలిపోయేవాళ్ళూ ఉంటారట. దగ్గర కూర్చుని చెప్పింది. నాకు ఏడుపు రాలేదు. తెలిసిపోయింది కదా అనిపించింది.

ఈసారి నన్ను పంపించేటప్పుడు పాట వద్దన్నాను. మంచాల మీద వాళ్ళకి ఉన్నదున్నట్టు చెప్పాను. సగం బాగైందని. ఆ దక్షిణాది అమ్మాయి "సగమైనా సరే, పాడతాం" అంది. పాడారు.

ఖుంబో ఇంటికే వచ్చాను. మడత గుడ్డ నేనే ఉతుక్కుంటానంటే వాడు ఒప్పుకోలేదు. చివరికి ఒక రోజు వాడు, ఒక రోజు నేను అని ఒప్పందం. గుడిలో ఒకావిడ "బాగైందా?" అంది. "సగం" అన్నాను. ఆమె కాస్త జరిగింది. ఇంకో ఆమె నా పక్కకి వచ్చి కూర్చుంది.

పోయిన నెల పక్కింట్లో కోడలికి నొప్పులు వచ్చాయి. పదిహేడేళ్ళ పిల్ల, సన్నగా ఉంటుంది. రాత్రీ పగలూ అయినా బిడ్డ దిగలేదు. ఎవరూ పిలవకుండానే వెళ్ళాను. మా అత్తగారక్క గుమ్మంలో కూర్చుని ఉంది, అప్పుడు నా దగ్గర కూర్చున్నట్టే. నన్ను చూసి "నువ్వు లోపలికి రాకు, తడిదానివి" అంది. నేను ఆమెని దాటి లోపలికి వెళ్ళాను. ఆ పిల్లకి జావ పట్టాను. "మంచం కట్టండి, కిందికి మొయ్యాలి" అన్నాను. ఎవరూ కదల్లేదు. అప్పుడు మా అత్తగారు, నా అత్తగారే అక్కా, వెనకాల నుంచి వచ్చి తన చితెంజె విప్పి మంచం మీద పరిచింది. తన అక్క వైపు చూడలేదు. ఖుంబో మోసేవాళ్ళని కేకేశాడు.

వానపడి దారి బురద. మంచం ఒక కోడుని నేనూ పట్టుకున్నాను. బరువెత్తకూడదని తెలుసు. సగం దిగేసరికి మడత గుడ్డ దాటి కాళ్ళ వరకూ తడిసింది. ఆ పిల్ల మంచం మీంచి చూసింది. "అక్కా, నీకు తడుస్తోంది" అంది నొప్పుల మధ్యలో. "తడవనీ. నడుద్దాం" అన్నాను.

మధ్యాహ్నానికి చేరాం. పొట్ట కోసి తీశారు. ఆడపిల్ల, గట్టిగా ఏడ్చింది. నేను అక్కడే ఉండి రోజూ పొద్దున్న ఆ పిల్ల పక్క మీద చెయ్యి పెట్టి చూశాను. నాలుగో రోజూ చూశాను, వారం దాటాకా చూశాను. గొట్టం లేదు. గుడ్డ లేదు. పొడిగా ఉంది. నన్ను వింతగా చూసి "ఏం వెతుకుతున్నావక్కా?" అంది.

"ఏం లేదు, పడుకో" అన్నాను.

నీ లుసుంగు